ఫ్రేమ్ ఫ్రేమూ గీయడమా, కీళ్ల బొమ్మ కట్టడమా: ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు వైపు ఫ్రీలాన్స్‌గా యానిమేషన్ పట్టుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ప్రతి ఫ్రేమూ చేత్తో గీయాలా, లేక బొమ్మను ముక్కలు చేసి, కీళ్ల దగ్గర కలిపి కదిలించే రిగ్ కట్టుకోవాలా? గీస్తే అందం, రిగ్ అయితే వేగం అని తేల్చేస్తారు చాలామంది. సొంత షార్ట్ ఫిల్ముకైతే ఆ మాట సరిపోతుంది. డబ్బులిచ్చే క్లయింటు ఉన్నప్పుడు మాత్రం ముందుగా చూడాల్సింది ఒకటే: అంతా అయ్యాక వచ్చే కరెక్షన్‌కి ఎన్ని గంటలు పోతాయి?

సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు, 30 సెకన్ల యాడ్‌కి 360. గీత శుభ్రం చేసి రంగు నింపడానికి బొమ్మకి 10 నుంచి 15 నిమిషాలు వేసుకోండి, 60 నుంచి 90 గంటలు తేలుతుంది. పాత్ర కదలకుండా నిలబడే చోట్లు ఉంటాయి కాబట్టి కొంత తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి యాడ్ చేస్తున్నారనుకోండి. కాయకి కళ్లూ కాళ్లూ పెట్టి గంతులేయించారు. ఆఖరి రోజు ఫోను: "సామీ, ఇది బంగినపల్లి మాదిరి ఉండాది, మాది తోతాపురి కదా." ఆయన మాట నిజమే, తోతాపురికి కింద ముక్కు ఉంటుంది. రిగ్‌లో అయితే కాయ లేయర్ ఒక్కటి మార్చి, కీళ్లు సరిచూసి, మళ్లీ రెండర్ (వీడియోగా తయారు చేయడం) పెడితే సాయంత్రానికి పంపేయొచ్చు. చేత్తో గీసినదైతే కాయ కనబడే ప్రతి బొమ్మకీ ముక్కు గీయాలి, కాయ తిరిగినప్పుడల్లా ఆ ముక్కు కోణమూ మారాలి. కోట్ చేసిన లాభం అక్కడే కరిగిపోతుంది.

రంగు మార్పు అంత భయపెట్టదు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్లైన టూన్ బూమ్ హార్మనీలో గానీ ఉచితంగా దొరికే ఓపెన్‌టూంజ్‌లో గానీ పాలెట్ (రంగుల పట్టిక)తో రంగులేస్తే, పాలెట్‌లో ఒక్కచోట మారిస్తే అన్ని బొమ్మల్లోనూ మారుతుంది. క్రిటా అనే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్లో బ్రష్షుతో నింపినవాళ్లకి ఆ సౌకర్యం లేదు. చేత్తో గీసినదాంట్లో ఆకారం మార్పుకి మాత్రం ఎక్కడా దగ్గరిదారి లేదు.

అందుకే క్లయింట్ పనికి నా ఓటు రిగ్‌కే. మన తోలుబొమ్మల సూత్రమే ఇది: ముక్కలు, కీళ్లు, లాగే పుల్లలు. రిగ్ కట్టే సాఫ్ట్‌వేర్ మోహోలో చేసినా, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో డ్యూయిక్ అనే రిగ్ టూల్ పెట్టుకుని చేసినా బొమ్మ సాధారణంగా చెడేది మోచేతి దగ్గర. పై చేయి చివర, ముంజేయి మొదలు రెండూ ఒకే వెడల్పు ఉన్న అర్ధ వృత్తాలుగా గీసి, రెండింటి కేంద్రాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పివట్ (ముక్క తిరిగే బిందువు) కచ్చితంగా అక్కడే ఉంచాలి. కొంచెం పక్కకి జరిగినా చెయ్యి వంగగానే సందు కనబడుతుంది. రెండూ కలిసే చోట అవుట్‌లైన్ తీసేయాలి, లేకపోతే చేతికి కట్టు కట్టినట్టు గీత పడుతుంది.

తిరుపతి పనుల్లో ఇంకో ప్రమాదం ఉంది, ఫ్లిప్. కుడివైపు నడిచే బొమ్మను తిప్పేసి ఎడమవైపు నడిపించడం రిగ్ వాడేవాళ్లకి అలవాటు. మామూలు పిల్లాడి బొమ్మైతే ఎవరికీ తెలియదు. వేంకటేశ్వర స్వామి బొమ్మను తిప్పితే కుడిచేతి చక్రం ఎడమకీ, ఎడమచేతి శంఖం కుడికీ పోతాయి. చీర కట్టిన బొమ్మైతే పైట కుడి భుజం మీదికి వస్తుంది. అర్చకుడి జంధ్యం కుడి భుజం ఎక్కితే అది పితృకార్యంలో వేసుకునే తీరు, పెళ్లి వీడియోలో అది కనబడితే పెద్దవాళ్లు ఊరుకోరు. ఇలాంటి ముక్కలన్నిటికీ ఎడమ, కుడి లేయర్లు మొదట్లోనే విడిగా గీసుకోవాలి. నమస్కారం కూడా అంతే. ముంజేతులు మనవైపు వంగే భంగిమ అది, కీలు తిప్పితే రాదు. జోడించిన చేతుల్ని ఒకే బొమ్మగా గీసి, ఆ క్షణానికి మార్చిపెట్టాలి.

పెదాల కదలికకి ఆరు నుంచి ఎనిమిది నోటి ఆకారాలు చాలు. ప, బ, మ దగ్గర పెదాలు కలవాలి, వ దగ్గర కింది పెదవి పళ్లకి తగలాలి. ఆడియో విని నోటి ఆకారాలు తేల్చే రూబర్బ్ లాంటి టూల్ వాడితే, ధ్వనుల్ని మాత్రమే పట్టుకునే ఫొనెటిక్ మోడ్ పెట్టండి, మామూలు మోడ్ ఇంగ్లీషు మాటల కోసమే వెతుకుతుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట మాటకీ నోరు మూసేస్తే డబ్బింగ్ బొమ్మలా ఉంటుంది. ఊపిరి తీసుకునే చోటే మూయాలి.

మరి చేత్తో గీయడం ఎక్కడ? డబ్బాలోకి జారే మామిడి గుజ్జు, హారతి పొగ, నడుస్తుంటే ఊగే పంచె కుచ్చిళ్లు. వీటికి కీళ్లు లేవు, రిగ్‌తో చేస్తే రబ్బరులా సాగుతాయి. పొగకి ఎనిమిది బొమ్మల లూప్ గీసి రిగ్ మీద పెట్టండి. శ్రీకాళహస్తి కలంకారీ తరహా అడిగితే కూడా ఆలోచించాలి: చేతి గీతలో ఫ్రేముకి ఫ్రేముకి వచ్చే చిన్న వణుకే దానికి ప్రాణం. రిగ్‌లో ఆ గీత బిగుసుకుపోతుంది. మొత్తం పని పది సెకన్ల లోపైతే రిగ్ కట్టడమే దండగ, కట్టడానికి పట్టే రెండు మూడు రోజుల్లో ఆ బొమ్మలన్నీ గీసేయొచ్చు.

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్లో చేత్తో గీయడానికి ఉండే గ్రీజ్ పెన్సిల్ ఉచితమే, మంచిదే, ఇప్పటికే బ్లెండర్ వచ్చినవాళ్లకి.

ఏది ఎంచుకున్నా, కదలిక మొదలుపెట్టకముందే పాత్రని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీసిన షీట్ పంపి, క్లయింటు చేత వాట్సాప్‌లో "ఓకే" రాయించుకోండి. కొటేషన్‌లో కరెక్షన్లు రెండుసార్లు అని రాసి, మూడోదానికి రిగ్ షాట్‌కి ఒక రేటు, చేత్తో గీసిన షాట్‌కి సెకను లెక్కన వేరే రేటు పెట్టండి. ఆ రెండో రేటు చూశాక తోతాపురి ముక్కు సంగతి వాళ్లే మొదట్లో చెబుతారు.