సభకో లెక్కా, మొత్తానికి ఒకే లెక్కా: శాసనసభ్యుల పదవీకాలానికి ఏ హద్దు మేలు?

అమెరికాలో 16 రాష్ట్రాలు తమ శాసనసభ్యులు ఎన్నేళ్లు పదవిలో ఉండవచ్చో హద్దు గీశాయి. 1990లో కాలిఫోర్నియా, కొలరాడో, ఓక్లహోమా ఓటర్లు మొదలుపెట్టిన పని ఇది. అమెరికా జాతీయ చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యులకూ రాష్ట్రాలు ఇలాంటి హద్దే పెట్టబోతే 1995లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో అడ్డుకుంది. దాంతో చట్టపరంగా ఆ హద్దు రాష్ట్ర సభలకే పరిమితమైంది.

హద్దు ఉండాలా వద్దా అన్న వాదన పాతదే. కొత్తవారికి చోటు దొరుకుతుందని ఒకరంటారు, పని నేర్చినవారిని ఇంటికి పంపడం తెలివైన పని కాదని మరొకరంటారు. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆ హద్దును ఎలా కొలుస్తారన్నది. కాలిఫోర్నియా, ఆర్కాన్సా, మిషిగన్ రాజ్యాంగాన్ని మళ్లీ సవరించుకున్నది ఈ కొలత మార్చడానికే.

మొదటి పద్ధతిలో ఏ సభ లెక్క ఆ సభదే. కాలిఫోర్నియాలో 1990 నాటి సవరణ ప్రకారం దిగువ సభ అయిన అసెంబ్లీలో రెండేళ్ల చొప్పున మూడు విడతలు, ఎగువ సభ అయిన సెనేట్‌లో నాలుగేళ్ల చొప్పున రెండు విడతలు, జీవితకాలం మొత్తానికి అంతే. 1992లో మిషిగన్ కూడా ఇదే కొలత పెట్టుకుంది. కాలిఫోర్నియాలో ఈ సవరణ వెనుక ఒక మనిషి నీడ ఉంది. 1980 నుంచి 1995 దాకా అసెంబ్లీ స్పీకర్‌గా ఉండి సభను గుప్పిట్లో పెట్టుకున్న విల్లీ బ్రౌన్‌ను దించాలన్నది చాలామంది మనసులోని మాట.

బ్రౌన్ వెళ్లిపోయారు, శాన్ ఫ్రాన్సిస్కో మేయర్ అయ్యారు. తరువాత సుమారు 21 ఏళ్లలో అసెంబ్లీకి 11 మంది స్పీకర్లు మారారు. మారక తప్పదు మరి. ఆరేళ్ల జీవితంలో మొదటి రెండేళ్లు బడ్జెట్ పత్రాలు చదవడం నేర్చుకోవడానికే సరిపోతాయి, చివరి రెండేళ్లు తరువాతి పదవి వెతుక్కోవడానికి పోతాయి. మిగిలేవి నడుమ రెండేళ్లు. అసెంబ్లీ నుంచి సెనేట్‌కు మారితే మరో 8 ఏళ్లు దొరుకుతాయి కాబట్టి, అసెంబ్లీలో కూర్చున్న వ్యక్తి చూపు ఎప్పుడూ పక్క సభలో ఖాళీ కాబోయే కుర్చీ మీదే. పైగా అదే సవరణ సభ ఖర్చుకూ కోత పెట్టింది, ఏళ్ల తరబడి పనిచేసిన విశ్లేషకులు చాలామంది వెళ్లిపోయారు. సభలో పాత సంగతులు తెలిసినవారు లేకపోతే ఎవరిని అడగాలి? నడవాలో నిలబడి ఉండే లాబీయిస్టుకు, అంటే ఎవరి తరఫునో సభ్యులను ఒప్పించడమే పనిగా ఉన్నవారికి, ఏ హద్దూ లేదు.

రెండో పద్ధతి మొత్తం లెక్క. 2012 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు 28వ ప్రతిపాదనను ఆమోదించి, రెండు సభల్లో కలిపి 12 ఏళ్లు అన్నారు. కావాలంటే 12 ఏళ్లూ ఒకే సభలో గడపవచ్చు. 2022లో మిషిగన్ కూడా ఇక్కడికే వచ్చింది. పాత లెక్కలో రెండు సభలూ కలిపితే గరిష్ఠం 14 ఏళ్లు, కొత్త లెక్కలో 12. కాగితం మీద ఇది తగ్గింపు. కాలిఫోర్నియా బ్యాలెట్ మీదా అలాగే రాశారు: 14 నుంచి 12కు తగ్గిస్తుందని. అబద్ధం కాదు, కానీ నిజంలో సగమే. సెనేట్ స్థానాలు అసెంబ్లీ స్థానాల్లో సగం. ఆరేళ్లతో ఇంటికి వెళ్లిపోయేవారే ఎక్కువ. అలాంటివారికి ఇది ఆరు నుంచి పన్నెండు, అంటే రెట్టింపు.

అయినా నా ఓటు దీనికే. 2012లో కొత్త నియమం కింద కాలిఫోర్నియా అసెంబ్లీకి తొలిసారి గెలిచిన ఆంథొనీ రెండన్ 2016 నుంచి 2023 దాకా స్పీకర్‌గా ఉన్నారు. పాత లెక్కలో ఇది ఊహకు కూడా అందదు. అంతకాలం ఉంటే దించాలని చూసేవారూ పుడతారు. 2022లో మరో అసెంబ్లీ సభ్యుడు రాబర్ట్ రివాస్ స్పీకర్ పదవికి తనకు బలం ఉందని ప్రకటించాక అధికారం చేతులు మారడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ తలనొప్పి నాకు సమ్మతమే.

పోల్చి చూడాలంటే, మన ఎమ్మెల్యేలకు ఇలాంటి హద్దేమీ లేదు. చంద్రబాబు నాయుడు కుప్పంలో 1989 నుంచి 2024 వరకు వరుసగా 8 సార్లు గెలిచారు. ఈ 12 ఏళ్ల కొలత అక్కడ పెడితే మూడో విడత మధ్యలోనే లెక్క ముగిసేది.

మూడోది వరుస లెక్క. ఫ్లోరిడా, ఒహాయోలలో ఒక సభలో వరుసగా 8 ఏళ్లు మించకూడదు. కొంత విరామం తీసుకుంటే మళ్లీ పోటీ చేయవచ్చు, లేదా వెంటనే రెండో సభకు వెళ్లవచ్చు. దీన్ని హద్దు అనడానికి నాకు మనసొప్పదు. ఒహాయో స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్ 2004తో గడువు తీరి వెళ్లిపోయారు, 2017లో తిరిగి వచ్చారు, 2019లో మళ్లీ స్పీకర్ అయ్యారు. 2020లో సుమారు 6 కోట్ల డాలర్ల లంచాల కేసులో అరెస్టయ్యారు, 2023లో 20 ఏళ్ల శిక్ష పడింది. ఆ డబ్బులో కొంత పదవీకాల పరిమితి మార్చే సవరణ ప్రయత్నానికి కూడా వెళ్లిందని దర్యాప్తు పత్రాలు చెబుతున్నాయి.

ఇక ఆర్కాన్సా. 1992లో సభకో లెక్క పెట్టుకుంది. 2014లో శాసనసభ్యులే ఒక సవరణను ఓటర్ల ముందుంచారు. దానిలో లాబీయిస్టుల కానుకలపై ఆంక్షలు, నైతిక నియమాలు ఉన్నాయి. అందులోనే, మొత్తం 16 ఏళ్లు పదవిలో ఉండవచ్చన్న మాటా ఉంది. నెగ్గింది. 2020లో మళ్లీ వారే మరో సవరణ తెచ్చారు: వరుసగా 12 ఏళ్లు, నాలుగేళ్ల విరామం, ఆపై మళ్లీ రావచ్చు. ఇదీ నెగ్గింది. అడుగడుగునా హద్దు సడలించినవారు ఆ హద్దు వర్తించేవారే. నార్త్ డకోటా 2022లో సభకు 8 ఏళ్ల పరిమితి పెట్టినప్పుడు, దీన్ని మార్చే ప్రతిపాదన శాసనసభ తేకూడదనీ, అది ప్రజల నుంచే రావాలనీ అందులోనే రాసుకుంది. ఆర్కాన్సా కథ తెలిసినవారికి అది అతి జాగ్రత్తగా కనిపించదు.

కాలిఫోర్నియా సవరణ వైపు నన్ను మొగ్గేలా చేసిన చిన్న నిబంధన ఒకటుంది. 12 ఏళ్ల వెసులుబాటు 2012 సవరణ తరువాత మొదటిసారి గెలిచినవారికే. ఆ రోజు సభలో కూర్చున్నవారికి పాత ఆరూ, ఎనిమిదే మిగిలాయి.