వంజంగి బాగుంది, టెంట్ల సంగతే అడక్కండి

మనిషికి 2,800 చొప్పున 42 మందికి 1,17,600 రూపాయలు కట్టి, డిసెంబరు చలిలో టెంట్‌కి అయిదుగురం ఇరుక్కుని పడుకున్నాం. పాడేరు దగ్గరి వంజంగి కొండకి, తెల్లవారుజామున మేఘాలు చూడ్డానికి, పెద్ద బ్యాచ్‌తో వెళ్ళాలనుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మాది వైజాగ్‌లో ఒక అపార్ట్‌మెంట్. పిల్లాపాపలతో, మా అత్తగారితో సహా బయల్దేరాం. ప్యాకేజీ వెతికింది మూడో ఫ్లోర్ మాష్టారు. "అన్నీ వాళ్ళే చూసుకుంటారమ్మా, మనం బట్టలు సర్దుకుంటే చాలు" అన్నారు. రానూపోనూ బండి, ముగ్గురికో టెంట్, మనిషికో స్లీపింగ్ బ్యాగ్, రాత్రి భోజనం, చలిమంట, పొద్దున్నే ఇడ్లీ, గైడ్. కాగితం మీద ఒక్క లోటు లేదు.

పెందుర్తి, చోడవరం, మాడుగుల మీదుగా మూడు టెంపో ట్రావెలర్లలో వెళ్ళాం. మాడుగులలో హల్వా కొనుక్కున్నాం, పాడేరు ఘాట్‌లో ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారు. దారి సంగతి అంతే.

క్యాంప్ దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. పద్నాలుగు టెంట్లు ఉండాల్సినచోట తొమ్మిదే ఉన్నాయి. స్లీపింగ్ బ్యాగులు ఇరవై. మిగతావాళ్ళకి దుప్పట్లు ఇస్తామన్నారు, దానికి అద్దె 100. చలిమంటకి కట్టెలు విడిగా 1,500. ప్యాకేజీలో చలిమంట ఉంది కదా అని మా ఆయన అడిగితే, "మంట ఉంది సార్, కట్టెలు లేవు" అన్నాడు నిర్వాహకుడు. తమాషాకి అనలేదు, నిజంగానే అన్నాడు.

అసలు కోపం బాత్రూమ్‌ల దగ్గర వచ్చింది. 42 మందికి రెండు. అందులో ఒకదానికి గడియ లేదు, గుడ్డ కట్టారు. నీళ్ళు డ్రమ్ములో పట్టి ఉంచారు, రాత్రి తొమ్మిదికల్లా అయిపోయాయి. ఆడవాళ్ళం సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని ఒకరికొకరు కాపలా కాసుకుంటూ వెళ్ళొచ్చాం. అడిగితే ఒకటే మాట: "అడ్జస్ట్ అవ్వండి మేడమ్, క్యాంపింగ్ అంటే అంతే." కాదు. కొండ ఎక్కడానికి కష్టపడతాం, చలికి వణుకుతాం, అది క్యాంపింగ్. డబ్బు తీసుకుని నీళ్ళు పెట్టకపోవడాన్ని వేరే పేరుతో పిలవాలి.

టెంట్ల గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. టెంట్ మీద ఇంకో పొర కప్పాలి. మంచు దాని మీద పడితే లోపలి గుడ్డ పొడిగా ఉంటుంది. మాకిచ్చినవాటిలో సగానికి ఆ పై పొరే లేదు. అయిదుగురి ఊపిరి చల్లటి గుడ్డకి తగిలి లోపలంతా చెమ్మ పట్టింది. రాత్రి రెండింటికి నుదుటి మీద ఒక చుక్క పడింది. తుడుచుకునేలోపు ఇంకోటి చెవిలో పడింది. పక్కనున్న పాప "అమ్మా, వర్షం" అని లేచి కూర్చుంది. జిప్ తీసి చూస్తే పైన నక్షత్రాలు. డబ్బు కట్టేముందు టెంట్ వేసి ఉన్న ఫొటో పంపమనండి, పైన కప్పు ఉందో లేదో చూడండి.

నాలుగింటికి నడక మొదలైంది. ఇంతమందికి గైడ్ ఒక్కడే, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. కుర్రాళ్ళు వాడితో పాటు ముందుకి పరుగెత్తారు, వెనక పిల్లల తల్లులం, మోకాళ్ళ నొప్పులవాళ్ళం మిగిలాం. అరగంటకల్లా ముందువాళ్ళ టార్చి లైట్లు కనబడడం మానేశాయి, ఫోన్లకి సిగ్నల్ లేదు. దారి చీలినచోట ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాం. చివరికి ఆ కుర్రాడే మమ్మల్ని వెతుక్కుంటూ కిందికి దిగి వచ్చాడు. పెద్ద గుంపు అయితే నెమ్మదిగా నడిచేవాళ్ళనే ముందు పెట్టాలి, ఆఖరున దారి తెలిసినవాడు ఒకడు ఉండాలి, దారి చీలిన ప్రతిచోటా ఆగి తలలు లెక్కపెట్టాలి. అంటే గైడ్లు కనీసం ఇద్దరు కావాలి. ఎర్రమట్టి మంచుకి తడిసి జారుతుంది, చెప్పులు వేసుకొస్తే అంతే. మా అత్తగారు మాత్రం చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఎక్కడా కూర్చోకుండా ఎక్కేశారు. మాష్టారు నాలుగుసార్లు కూర్చున్నారు.

పైన మేఘాలు దొరికాయి. లోయ నిండా తెల్లగా, కొండల కొసలు మాత్రమే పైకి కనబడుతూ. సెల్ఫీల వాళ్ళ మధ్య నిలబడి చూసినా బాగుంది. ఆదివారం కాకుండా వెళ్తే ఇంకా బాగుంటుంది.

కిందికి వచ్చేసరికి ఇడ్లీ బదులు బ్రెడ్డు, జామ్ పెట్టారు. బ్రెడ్డు ఎండిపోయి ఉంది. ఇది చూసి నిర్వాహకుడి కంటే గైడ్ కుర్రాడే ఎక్కువ సిగ్గుపడ్డాడు. "మా అమ్మ వండుతుందండి, ప్లేటు 80" అన్నాడు. అంతమందికా అనుకుంటూనే కాఫీ తోటల పక్కనుంచి వాళ్ళ ఊరికి నడిచాం. ఆ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటికి మిరియాల తీగలు పాకిస్తారు. పిల్లలు పచ్చి మిరియాలు కొరికి ఊసేశారు.

వాళ్ళమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి గంటన్నరలో వండారు. వేడన్నం, రాజ్‌మా పులుసు, పచ్చిమిరపకాయ తొక్కు. రాజ్‌మా అంటే ఉత్తరాది హోటల్ కూర అనుకునేదాన్ని. ఈ ఏజెన్సీ కొండల్లో అది ఇంటి పంట. అల్లం, చింతపండు వేసి పల్చగా కాచారు, గింజ మెత్తగా ఉడికింది కానీ చిట్లలేదు. రాత్రి భోజనంలో చివర నిలబడి చారన్నంతో సరిపెట్టుకున్న మా ఆయన ఇక్కడ మూడోసారి వడ్డించుకున్నారు. కట్టెల గొడవ తర్వాత ఎవరితోనూ మాట్లాడని మనిషి, ఆ కుర్రాడి చదువు గురించి అడగడం మొదలుపెట్టారు. మొత్తం 3,360 అయింది, మేం 4,000 ఇచ్చాం. ఆవిడ లెక్క చూసి 640 తిరిగి ఇవ్వబోతే మా అత్తగారు ఒప్పుకోలేదు.

ఈ ఆలస్యానికి, చూద్దామనుకున్న కొత్తపల్లి జలపాతం పోయింది. ఎవరూ బాధపడలేదు.

మళ్ళీ వెళ్తే పాడేరులో లాడ్జి తీసుకుంటాం, తెల్లవారుజామున కొండ దగ్గరికి బండిలో వెళ్తాం, గైడ్‌ని ఊళ్ళోనే మాట్లాడుకుంటాం. టెంట్ సరదా తీరకపోతే సగం అడ్వాన్సే ఇవ్వండి, మిగతాది టెంట్లు, బాత్రూమ్‌లు చూశాకే. మేం మొత్తం ముందే కట్టేశాం కాబట్టి గొడవపడాల్సి వచ్చింది. నిర్వాహకుడు మొదట, వచ్చే ట్రిప్పుకి డిస్కౌంట్ కూపన్ ఇస్తానన్నాడు. స్లీపింగ్ బ్యాగ్ దొరకని 22 మందికి 200 చొప్పున 4,400 ఇస్తే తప్ప బండి ఎక్కం అని ఆడవాళ్ళం అందరం రోడ్డు మీదే కూర్చున్నాం. ఇచ్చాడు. మాష్టారు ఒక్కరే చాటుగా వెళ్ళి ఆ కూపన్ కూడా తెచ్చుకున్నారు.