బస్సు జాడ చెప్పే యాప్: నిమిషాల లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

బస్సు ఎక్కడుందో ఎప్పటికప్పుడు చూపించే యాప్‌లు చాలానే వచ్చాయి. వాటిలో ఒకదాన్ని కొన్ని నెలలుగా నేను రోజూ వాడుతున్నాను, దాని గురించి వివరంగా రాయాలనిపించింది. బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పడంతో సరిపెట్టుకోకుండా, ఎంతసేపటి కిందటి సమాచారాన్ని బట్టి ఆ మాట చెబుతున్నదో కూడా ఈ యాప్ చెబుతుంది. చూడడానికి చిన్నదిగా కనిపించే ఈ ఏర్పాటే దాని రూపకల్పనలో అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. అలాగని లోపాలు లేకపోలేదు; ఒకటి రెండు పెద్దవే ఉన్నాయి.

యాప్ తెరవగానే మ్యాప్ రాదు. మనకు దగ్గరలో ఉన్న స్టాపులు, ఒక్కొక్క స్టాపు కింద రాబోయే బస్సుల నంబర్లు, అవి వెళ్లే ఊరి చివరి స్టాపు పేరు, పక్కన పెద్ద అంకెల్లో నిమిషాలు వరుసగా కనిపిస్తాయి. ఒక చేతిలో సంచి, మరో చేతిలో ఫోను పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషికి కావలసింది ఇదే. మ్యాప్ మీద కదిలే బస్సు బొమ్మ చూడముచ్చటగానే ఉంటుంది గాని, మధ్యలో ఎన్ని స్టాపులున్నాయో, రావడానికి ఎంతసేపు పడుతుందో దాన్ని చూసి ప్రయాణికుడే లెక్క వేసుకోవాలి. యాప్ చేయవలసిన పనిని వాడేవాళ్ల నెత్తిన పెట్టడం మంచి రూపకల్పన అనిపించుకోదు. మ్యాప్ కావాలనుకున్నవారు బస్సు నంబరు మీద నొక్కితే అది తెరుచుకుంటుంది.

ఆ నిమిషాల అంకె కిందనే సన్నని అక్షరాలతో ‘18 సెకన్ల క్రితం’ వంటి మాట ఒకటి ఉంటుంది. దాని విలువ తెలియాలంటే ఆ అంకె మన ఫోను దాకా వచ్చే దారి తెలియాలి. బస్సులో అమర్చిన జీపీఎస్ పరికరం ఉపగ్రహాల సంకేతాలను బట్టి తానున్న చోటును లెక్కగట్టి, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా రవాణా సంస్థ సర్వరుకు పంపుతుంది. సర్వరు ఆ చోటును రూటు గీత మీదికి సరిచేసి, అది ఏ ట్రిప్పు మీదున్న బస్సో పోల్చుకుని, ముందున్న ఒక్కొక్క స్టాపుకూ ఎప్పుడు చేరుతుందో అంచనా వేస్తుంది. ఆ అంచనా యాప్ అడిగినప్పుడు మన తెర మీదికి వస్తుంది. ఎత్తైన భవనాల నడుమ జీపీఎస్ తడబడవచ్చు, నెట్‌వర్క్ అందని చోట సమాచారం పోగుపడి ఆలస్యంగా చేరవచ్చు. ఈ మెట్లలో ఎక్కడ జాప్యం జరిగినా, తెర మీద కనిపించేది కాసేపటి కిందటి బస్సే అవుతుంది.

రవాణా సంస్థలు తమ టైమ్‌టేబుళ్లను యాప్‌లకు ఒకే తీరులో అందించడానికి జీటీఎఫ్‌ఎస్ అనే నమూనా ఉంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి 2005లో దానికి శ్రీకారం చుట్టాయి; బస్సుల తాజా స్థితిని తెలిపే రియల్‌టైమ్ భాగం 2011లో తోడైంది. ఆ సమాచారాన్ని కనీసం 30 సెకన్లకు ఒకసారి తాజాపరచాలని, బస్సుల స్థానాలు 90 సెకన్లకు మించి పాతబడి ఉండరాదని దాని మార్గదర్శకాలు సూచిస్తాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు 90 సెకన్లలో 750 మీటర్లు దాటిపోతుంది. అంటే మార్గదర్శకాలకు పూర్తిగా లోబడిన సమాచారం కూడా ఒక స్టాపు దూరం వెనకబడి ఉండే వీలుంది. అందుకే ఎప్పటిదో చెప్పని అంకెను నేను సగం సమాచారంగానే లెక్కిస్తాను.

ఈ యాప్ ఆ పనిని ఎంత శ్రద్ధగా చేస్తుందో ఒక వాన సాయంత్రం దగ్గరగా చూశాను. నేను ఎక్కవలసిన బస్సు 4 నిమిషాల్లో వస్తుందని ఆకుపచ్చ అంకె చెబుతూ ఉండగా దాని నుంచి సంకేతం ఆగిపోయింది. కాసేపటికి ఆ అంకె బూడిద రంగుకు మారింది, ముందు ‘సుమారు’ అన్న మాట చేరింది, కింద ‘చివరిసారి కనిపించి 2 నిమిషాలు’ అని వచ్చింది. ఇంకాసేపు గడిచాక నిమిషాల లెక్క పూర్తిగా తీసేసి, గడియారం గుర్తు పక్కన టైమ్‌టేబుల్ ప్రకారం రావలసిన సమయాన్ని మాత్రమే ఉంచింది. యాప్‌కు తెలిసింది ఎక్కడితో ఆగిపోయిందో నాకు స్పష్టమైంది గనుక, ఇదిగో వస్తుంది అదిగో వస్తుందని నిలబడకుండా వేరే రూటు బస్సు ఎక్కి, దారిలో ఒకచోట మారి ఇల్లు చేరాను. అంతకుముందు నేను వాడిన మరో యాప్‌లో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరిగేది. సంకేతం రాకపోయినా బస్సు బొమ్మ పాత వేగంతోనే మ్యాప్ మీద నున్నగా సాగిపోయి, నేను నిలబడ్డ స్టాపును చేరి, దాటి కూడా వెళ్లేది. రోడ్డు మీద బస్సు జాడే ఉండేది కాదు. అలా మోసపోయిన ప్రయాణికుడు నిజంగా బస్సు వచ్చే రోజు కూడా ఆ యాప్‌ను నమ్మడు.

సమయం తెలియడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి చూపించదగిన అధ్యయనం ఒకటుంది. సియాటిల్‌లో వన్‌బస్‌అవే అనే యాప్ వాడేవారి మీద జరిపిన ఆ పరిశోధన 2011లో ప్రచురితమైంది. తాజా సమాచారం లేకుండా నిలబడ్డవారికి ఎదురుచూపు ఉన్నదానికంటే ఎక్కువగా తోచిందని, సమాచారం చేతిలో ఉన్నవారికి అలా తోచలేదని, వారు నిజంగా వేచి ఉన్న సమయం కూడా దాదాపు 2 నిమిషాలు తక్కువని అందులో తేలింది. బస్సుల సంఖ్య పెంచకుండానే ప్రయాణికుడికి ఇంత ఊరట దొరకడం చిన్న సంగతి కాదు. అయితే ఆ ఊరట అంతా అంకె మీద ఉన్న నమ్మకంతోనే ముడిపడి ఉంటుంది.

అంచనా వేసే తీరులోనూ ఈ యాప్ రూపకర్తలు బాగా ఆలోచించారు. మిగిలిన దూరాన్ని ప్రస్తుత వేగంతో భాగిస్తే వచ్చే లెక్క ఎర్ర లైటు దగ్గర ఆగిన బస్సుకు ఏమాత్రం పనికిరాదు. ప్రయాణికులు ఎక్కిదిగే సమయం, కూడళ్ల దగ్గర ఆగే సమయం, అదే రోడ్డు మీద అదే వేళలో ఇంతకుముందు బస్సులకు పట్టిన సమయం అన్నీ కలిస్తేనే అంచనాకు ఒక తీరు వస్తుంది. బస్సు దూరంగా ఉన్నప్పుడు ‘12 నుంచి 16 నిమిషాలు’ అని ఒక పరిధిని, దగ్గరికి వచ్చాక ఒకే అంకెను చూపించడం నాకు చాలా నచ్చింది. బస్సు చెప్పినదానికంటే 2 నిమిషాలు ఆలస్యంగా వస్తే కాస్త విసుగుతో పోతుంది, అదే 2 నిమిషాలు ముందుగా వస్తే మన కళ్ల ముందే వెళ్లిపోతుంది. రెండు పొరపాట్ల లెక్కా సమానమైనా నష్టం సమానం కాదు. ఈ యాప్ సందేహం ఉన్నచోట తక్కువ నిమిషాల వైపే మొగ్గుతుంది, అది సరైన మొగ్గు.

ఇక లోపాల విషయానికి వస్తే, అన్నిటికంటే పెద్దది బస్సు బయలుదేరే మొదటి స్టాపు దగ్గర కనిపిస్తుంది. అక్కడ ఆగి ఉన్న బస్సు కోసం అంకె 3, 2, 1 అని దిగుతూ వచ్చి, బస్సు కదలకపోవడంతో మళ్లీ పైకి ఎగబాకుతుంది. డ్రైవరు విరామంలో ఉన్నాడో, ఆ బస్సుకు తర్వాతి ట్రిప్పు ఇంకా కేటాయించలేదో జీపీఎస్ చెప్పలేదు. ఆ కేటాయింపు వివరం డిపో నుంచి రావాలి. అది చేరనంతవరకు ‘ఇంకా బయలుదేరలేదు’ అన్న ఒక్క మాట రాస్తే చాలు. రూటు మొదట్లో ఉన్న నాలుగైదు స్టాపులవారికి ఈ లోపం వల్ల యాప్ దాదాపు ఉపయోగపడకుండా పోతోంది. సంకేతం ఆగిన బస్సు విషయంలో అంత నిజాయితీ చూపినవారు కదలని బస్సును ఇలా వదిలేయడం నాకు బాధ కలిగించింది.

రెండో లోపం దిశకు సంబంధించినది. రోడ్డుకు ఈ వైపున ఒకటి, ఆ వైపున ఒకటి ఒకే పేరుతో ఉండే స్టాపులను యాప్ విడివిడిగానే చూపిస్తుంది గాని, ఏది ఏ వైపో చెప్పడానికి వాడిన చిన్న బాణం గుర్తు కొత్తవారికి అర్థం కాదు. ఎదురుగా ఉన్న గుడో, బడో, పెట్రోలు బంకో పేరు జోడిస్తే ఈ చిక్కు తీరిపోతుంది. జీపీఎస్‌కు ఉండే కొద్ది మీటర్ల తేడా వల్ల ఫోను ఒక్కోసారి మనల్ని అవతలి వైపున ఉన్నట్టు భావిస్తుంది కాబట్టి, దగ్గరి స్టాపును తనంతట తాను ఎంచుకునే యాప్ ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

బ్యాటరీ వాడకం అదుపులోనే ఉంది. తెర ఆరిపోగానే యాప్ సమాచారం అడగడం మానేస్తుంది. లొకేషన్ అనుమతిని కూడా వాడుతున్నప్పుడు మాత్రమే కోరుతుంది; అనుమతి ఇవ్వకపోయినా స్టాపు పేరు వెతుక్కుని వాడుకోవచ్చు. దిగవలసిన స్టాపు దగ్గరపడుతున్నప్పుడు హెచ్చరించే అలారానికి మాత్రం ఎప్పుడూ లొకేషన్ చూసే అనుమతి కావాలి, ఎందుకు కావాలో ఆ సందర్భంలోనే స్పష్టంగా వివరిస్తుంది. రద్దీ సూచిక ఉన్నా అది కొన్ని బస్సులకే పనిచేస్తోంది.

చూపు లేనివారు ఈ యాప్‌ను ఎలా వాడగలరో తెలుసుకోవడానికి, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ అనే ఆండ్రాయిడ్ ఫోన్ల సదుపాయాన్ని పెట్టి చూశాను. బటన్లన్నిటికీ పేర్లున్నాయి, వరుసలు చదివే క్రమం కూడా బాగుంది. కానీ అంకె మారిన ప్రతిసారీ యాప్ దాన్ని మళ్లీ చదివించడంతో, మనం వింటున్న వాక్యం మధ్యలోనే తెగిపోయి ఏ బస్సు సంగతో తెలియకుండా పోతోంది. బస్సు 5 నిమిషాల దూరానికి వచ్చినప్పుడు ఒకసారి, స్టాపుకు చేరుకుంటున్నప్పుడు ఒకసారి తనంతట తాను చెప్పి, మిగిలిన సమయమంతా అడిగితేనే చెప్పేలా మార్చాలి. పైగా, బోర్డు మీద నంబరు చదవలేని ప్రయాణికుడికి మిగతావారికంటే ఈ యాప్ అవసరం ఎక్కువ. బూడిద రంగు అంకెకు, తెల్లని తెరకు మధ్య ఉన్న తేడా కూడా ఎండలో చాలదు. సాధారణ అక్షరాలకు, వాటి వెనకనున్న రంగుకు మధ్య వెలుగు తేడా 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్న ప్రమాణాన్ని అది అందుకుంటున్నట్టు కనిపించలేదు. సమాచారం పాతబడిందని చెప్పే రంగే కంటికి ఆనకపోతే అంత శ్రద్ధగా చేసిన ఏర్పాటు ఎండవేళ అక్కరకు రాకుండా పోతుంది.

రూటు మధ్యలో ఎక్కేవారికి, రెండు మూడు రూట్లలో ఏదో ఒకటి ఎంచుకునే వీలున్నవారికి ఈ యాప్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. మొదటి స్టాపుల దగ్గర ఎక్కేవారు మాత్రం ఆ లోపం సరిదిద్దేదాకా టైమ్‌టేబుల్‌నూ చేతిలో ఉంచుకోవాలి.