ఇంగ్లండ్‌లో ఇల్లు కొనడానికి సొలిసిటర్: రెండు కొనుగోళ్ల తర్వాత నా సమీక్ష

2019లో రెడింగ్‌లో ఫ్లాటు కొన్నప్పుడూ, 2023లో దాన్ని అమ్మి ఇల్లు కొన్నప్పుడూ మా కన్వేయన్సింగ్ పని, అంటే ఇంటి హక్కు చేతులు మారడానికి కావాల్సిన లాయరు పని, చూసింది ఒకే సొలిసిటర్ (లాయరు). ఊళ్లోనే చిన్న ఆఫీసు, నలుగురైదుగురు మనుషులు. ఇక్కడ ఇల్లు కొనబోతున్న మనవాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, నచ్చనివీ ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

మన దగ్గర ఇల్లో స్థలమో కొంటే లాయరు శ్రమంతా లింకు డాక్యుమెంట్ల మీదే. ఈసీ తీయించి, అమ్మేవాడికి ఆ హక్కు ఎలా వచ్చిందో ఒక్కో దస్తావేజూ పట్టుకుని వెనక్కి వెళ్లాలి. సబ్‌రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజునే, హక్కుకి పూచీ పడడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు ఎక్కితే ఆ హక్కుకి ప్రభుత్వమే పూచీ. రిజిస్టర్ నకలు కొద్ది పౌండ్లకి ఆన్‌లైన్లో ఎవరైనా తీసుకోవచ్చు. మరి సొలిసిటర్‌కి వెయ్యికి పైగా పౌండ్లు ఎందుకిస్తున్నాం? మిగతా అన్నిటికీ: లీజులో ఏం రాసుంది (ఇక్కడ ఫ్లాట్లు ఎక్కువగా లీజ్‌హోల్డే, స్థలం వేరేవాళ్లది, మనం కొనేది చాలా ఏళ్ల లీజు), కట్టడానికి అనుమతులున్నాయా, కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) రికార్డుల్లో ఏముంది, మన డబ్బు ఎక్కడిది. అవి ఎంత ముందుగా, ఎంత సూటిగా అడుగుతారన్నదే నా లెక్కలో సొలిసిటర్ పనితనం.

ఎస్టేట్ ఏజెంటు తనకు తెలిసిన సంస్థ పేరు ఒకటి ఇచ్చాడు. ఇలా పంపినందుకు ఏజెంట్లకి రెఫరల్ ఫీజు ముట్టడం ఇక్కడ మామూలే, ఆ సంగతి మనకి చెప్పి తీరాలి. మేం అక్కడికీ, ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థకీ, ఈ చిన్న ఆఫీసుకీ ఫోన్ చేసి ఒకటే అడిగాం: మా ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది? మిగతా రెండు చోట్లా "మా టీమ్ చూసుకుంటుంది" అన్నారు. ఈ చిన్న ఆఫీసు సొలిసిటర్ ఆవిడ మాత్రం, "నేనే చూస్తాను, నేను లేనప్పుడు ఫలానా అమ్మాయి" అని చెప్పింది. ఫీజు మూడింటిలో ఎక్కువే. కాకపోతే ఆన్‌లైన్ కొటేషన్‌కి లీజ్‌హోల్డ్ అదనం, గిఫ్ట్ డబ్బు (ఇంటివాళ్లు ఊరికే ఇచ్చింది) తనిఖీ, బ్యాంకు బదిలీ, 20 శాతం వ్యాట్ కలుపుకుంటే తేడా చాలావరకు కరిగిపోయింది. మీ సొలిసిటర్ అప్పిచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఒప్పుకున్న లాయర్ల జాబితాలో, ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే బ్యాంకు తరఫున వేరే లాయర్ని పెట్టాల్సి రావచ్చు, ఆ ఖర్చు మన మీదే. సొలిసిటరే కానక్కర్లేదు, ఆస్తి బదిలీ పనికే లైసెన్సున్న లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ కూడా ఇదే పని చేస్తారు.

మొదటి ఫోన్లోనే ఆవిడ అడిగింది: "ప్రపంచంలో ఎక్కడైనా మీ ఇద్దరిలో ఎవరి పేరునైనా ఇల్లుందా?" మావారి పేరున కూకట్‌పల్లిలో ఫ్లాటుంది. మేమెన్నడూ అందులో కాపురం లేము, అద్దెకిచ్చాం. ఆ ఒక్క జవాబుతో లెక్క మారిపోయింది. మేం చివరికి కొన్నది 2,90,000 పౌండ్ల ఫ్లాటు. మొదటిసారి కొనేవాళ్లకి అప్పట్లో 3,00,000 దాకా స్టాంప్ డ్యూటీ లేదు. మాకు మామూలు రేటున 4,500, రెండో ఇల్లు కింద అదనంగా 3 శాతం, అంటే 8,700, మొత్తం 13,200 పౌండ్లు. 2024 అక్టోబరు 31 నుంచి ఆ అదనం 5 శాతం, కాబట్టి అదే ఫ్లాటుకి ఇప్పుడైతే 19,000. ఖాళీ స్థలం, పొలం లెక్కలోకి రావు. ఇల్లు, ఫ్లాటు వస్తాయి, అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో వాటా కూడా రావచ్చు. దాచకుండా మొదటి రోజే చెప్పేయండి. 2023లో ఉంటున్న ఫ్లాటు అమ్మి దాని బదులు ఇల్లు కొన్నాం కాబట్టి, కూకట్‌పల్లి ఫ్లాటు అలాగే ఉన్నా ఆ అదనం పడలేదు. అది కూడా ఆవిడే చెప్పింది.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది డబ్బు మూలం చూపించడం. డిపాజిట్‌లో కొంత మా మామగారు గుంటూరు దగ్గర స్థలం అమ్మి ఇచ్చారు. మనీ లాండరింగ్ నిబంధనల వల్ల ఆ డబ్బు స్థలం నుంచి ఆయన ఖాతాకి, అక్కడి నుంచి మా ఖాతాకి ఎలా వచ్చిందో కాగితాల మీద చూపాలి. ఆయన పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇది అప్పు కాదని, ఇంట్లో తనకు హక్కేమీ ఉండదని సంతకం చేసిన ఉత్తరం, స్థలం అమ్మిన దస్తావేజు. దస్తావేజు తెలుగులో ఉంది కాబట్టి ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం కావాలంది. దస్తావేజులో రాసిన ధరకీ ఖాతాలో పడ్డ మొత్తానికీ పొంతన ఉండాలి. మామగారు డబ్బంతా చెక్కులతోనే తీసుకున్నారు కాబట్టి మా పని జరిగింది. సగం నగదుగా చేతులు మారిన అమ్మకమైతే ఆ సగాన్ని ఇక్కడ ఏ సొలిసిటరూ ఒప్పుకోరు. ఊళ్లో స్థలం అమ్మి ఇక్కడ ఇల్లు కొందామనుకునేవాళ్లు బేరం కుదుర్చుకోకముందే ఈ సంగతి ఇంటికి చెప్పాలి.

ఆవిడ మీద నాకు గురి కుదిరింది మాత్రం మేం కొనని ఫ్లాటు వల్ల. కొన్నదానికంటే ముందు ఒకటి చూసుకున్నాం. స్టేషన్‌కి దగ్గర, వెలుతురు బాగుంది, ధర మాట్లాడుకున్నాం. లీజు చదివి ఆవిడే ఫోన్ చేసింది. గ్రౌండ్ రెంట్ (స్థలం యజమానికి కట్టే అద్దె) ఏడాదికి 250 పౌండ్లు, పదేళ్లకోసారి రెట్టింపు. అంటే ముప్పై ఏళ్లకి 2,000, యాభై ఏళ్లకి 8,000. "మీరు కట్టగలిగినా, మీ దగ్గర కొనేవాడికి బ్యాంకు అప్పివ్వకపోవచ్చు" అంది. ఇక్కడ కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా, అంటే సంతకాలైన ఒప్పందాలు ఇటూ అటూ మార్చుకునేదాకా, ఎవరైనా తప్పుకోవచ్చు. తప్పుకున్నాం. సెర్చ్‌లకి (కౌన్సిల్ వగైరా రికార్డుల్లో వెతికించడానికి) కట్టిన డబ్బు పోయింది, దానికి నాకు బాధ లేదు. 2022 జూన్ 30 నుంచి రాసిన చాలా కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంట్ వసూలు చేయకూడదు. కానీ పాత లీజుల్లో ఇలాంటి షరతులు ఇంకా ఉన్నాయి.

2023 ఇంటికి వెనకవైపు ఒక గది పెంచారు. కట్టడం నిబంధనల ప్రకారమే జరిగిందని కౌన్సిల్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ లేదు. అమ్మేవాళ్ల సొలిసిటర్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఇస్తామన్నాడు. ఇది ఇక్కడ మామూలు మందు, చాలామంది సరేనంటారు. మా సొలిసిటర్ రెండు విషయాలు విడదీసి చెప్పింది: ఆ పాలసీ కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికే, గోడ తీసేసి పెట్టిన దూలం బరువు మోస్తుందో లేదో అది చెప్పదు. దానికి ఇంజినీరుని పిలవండి. ఇంకొకటి, మీరు తొందరపడి కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే ఆ పాలసీ చెల్లకుండా పోతుంది. ఇంజినీరు చూసి దూలం బాగుందన్నాకే ముందుకెళ్లాం.

నచ్చనివి. ఈమెయిళ్లకి జవాబు ఆలస్యం, శుక్రవారమైతే ఆశ వదులుకోవాలి. గిఫ్ట్ తనిఖీకి అదనపు ఫీజు మొదటి కొటేషన్‌లో స్పష్టంగా లేదు, అడిగాక కొంత తగ్గించారు. రెండోసారి సరిగ్గా ఎక్స్ఛేంజ్ వారంలో ఆవిడ సెలవులో ఉంది. ఆవిడ బదులు చూసిన అమ్మాయి, మేం అంతకుముందే పంపిన కాగితాలు మళ్లీ అడిగింది. అవతల మా ఫ్లాటు కొనేవాళ్లు, ఇవతల ఇల్లు అమ్మేవాళ్లు ఒకే రోజు కోసం ఎదురుచూస్తుంటే అది చాలా కష్టంగా గడిచింది. సెలవుల తేదీలు ముందే అడగడం మంచిది. తగాదా ముదిరితే మొదట ఆఫీసుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు. మాకంత అవసరం రాలేదు.

డబ్బు పంపే రోజు జాగ్రత్త. వాళ్ల బ్యాంకు వివరాలు మొదట్లోనే కాగితం మీద పోస్టులో పంపి, ఇవి మారవు, మారాయని ఈమెయిల్ వస్తే నమ్మకండి అని రాశారు. అయినా డిపాజిట్ పంపేముందు ఆ ఉత్తరంలోని నంబరుకి ఫోన్ చేసి ఖాతా అంకెలు చదివించుకున్నాను. సొలిసిటర్ల ఈమెయిళ్లలో దొంగలు చొరబడి ఇళ్ల డబ్బు కాజేస్తున్నారు.

కంప్లీషన్ (డబ్బు పూర్తిగా కట్టి ఇల్లు చేతికొచ్చే రోజు) అయిన 14 రోజుల్లోగా స్టాంప్ డ్యూటీ రిటర్న్ ఆవిడే వేసింది. రిజిస్ట్రీలో మా పేర్లు ఎక్కడానికి మాత్రం నెలలు పట్టింది. ఎక్కాక నకలుతో పాటు ఒక సలహా పంపింది: ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్ల ప్రాపర్టీ అలర్ట్‌లో నమోదు చేసుకోండి, మీ ఇంటి మీద ఎవరైనా దరఖాస్తు పెడితే ఈమెయిల్ వస్తుంది. ఉచితం, పది ఇళ్ల దాకా పెట్టుకోవచ్చు.