ఒకయామలో అన్నయ్య ఒక్కడే నడిచిన రోడ్డు

అన్నయ్యకి పదో తరగతిలో రేచీకటి మొదలైంది. రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి వెనక పొర మెల్లగా పాడైపోయే జబ్బు అని డాక్టర్లు చెబితే అప్పట్లో ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు కూడా తిరగలేదు. ఇప్పుడు తనకి నలభై ఆరేళ్లు. వెలుతురు తెలుస్తుంది, కొట్టొచ్చినట్టుండే రంగు ఎదురుగా ఉంటే అక్కడేదో ఉందని తెలుస్తుంది, అంతే. ఏప్రిల్‌లో మేమిద్దరం పదకొండు రోజులు జపాన్ వెళ్లొచ్చాం. అక్కడి గుళ్ల గురించి, పూల గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రోడ్లు, స్టేషన్లు, మేం దిగిన హోటళ్ల గురించే రాస్తాను. చూపులేని మనిషిని బయటికి తీసుకెళ్లాలంటే ఇంట్లోవాళ్లకి ఉండే టెన్షన్ అంతా వాటి గురించే కదా.

ముందు విమానాశ్రయం సంగతి. టికెట్‌లో "చూపు లేదు, దారి చూపే మనిషి కావాలి" అని స్పష్టంగా రాయించాం. అయినా మన దగ్గర వీల్‌చైర్ తెచ్చారు, మధ్యలో విమానం మారినచోటా వీల్‌చైరే తెచ్చారు. "నేను నడవగలను బాబూ, మీ మోచెయ్యి ఇస్తే చాలు" అని అన్నయ్య నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. వెళ్లేవాళ్లు కౌంటర్ దగ్గరే గట్టిగా చెప్పండి, కూర్చున్నాక చెబితే ఎవరూ వినరు.

టోక్యోలో నాలుగు రోజులున్నాం. స్టేషన్లు చెవితో నడవడానికే కట్టారా అనిపించింది. టికెట్ గేటు దగ్గర 'పిన్-పోన్' అని గంట మోగుతూ ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద మెట్లున్న చోట పిట్టల కూత వినిపిస్తుంది. మెట్ల రెయిలింగ్ మీద ఆ మెట్లు ఎటు వెళతాయో బ్రెయిలీలో ఉంటుంది. అన్నిటికంటే నాకు నచ్చింది సిబ్బంది పని. గేటు దగ్గర చెబితే ఒకరొచ్చి మోచెయ్యి ఇచ్చి రైలెక్కిస్తారు, దిగే స్టేషన్‌కి ఫోన్ చేసి ఫలానా బోగీ ఫలానా తలుపు అని చెబుతారు, మనం దిగేసరికి సరిగ్గా ఆ తలుపు ముందు ఇంకొకరు నిలబడి ఉంటారు. దీనికి పైసా తీసుకోరు. ఒక్కోసారి పది నిమిషాలు ఆగాల్సి వచ్చింది, తొందర ఉన్నవాళ్లు ఆ టైమ్ కూడా లెక్కలో పెట్టుకోవాలి. షింజుకు స్టేషన్‌కి మాత్రం ఆఫీసుల వేళకి అస్సలు వెళ్లకండి. జనం ఫోన్లు చూసుకుంటూ, చూపులేనివాళ్లకి దారి తెలియడానికి నేలమీద పరిచిన పసుపు పలకల మీదే నడుస్తారు, అన్నయ్య కర్రని రెండుసార్లు తొక్కేశారు.

క్యోటో పేరుకి తగ్గట్టే అందంగా ఉంది కానీ మేం దిగిన పాత పేటలో మాకు కష్టమైంది. సన్నని సందుల్లో ఫుట్‌పాతే లేదు, రోడ్డు అంచున తెల్ల గీత గీసి ఉంది. కర్రకి గీత ఏం తెలుస్తుంది? చప్పుడు లేకుండా వెనకనుంచి సైకిళ్లొచ్చేస్తాయి. రెండు రోజులూ నా భుజం పట్టుకునే తిరిగాడు. ఇద్దరు కలిసి వెళితే సరే, ఒక్కరే వెళ్లాలంటే అలాంటి పేటలో గది తీసుకోవద్దనే చెబుతాను.

అసలు మేం వెళ్లింది ఒకయామ కోసం. షిన్-ఒసాకా నుంచి బుల్లెట్ రైల్లో గంట కూడా పట్టదు. మన మెట్రో స్టేషన్లలో కాలికి తగిలే పసుపు పలకలున్నాయే, అవి పుట్టింది ఈ ఊళ్లోనే. సెయిచీ మియాకే అనే ఆయన చూపు పోతున్న స్నేహితుడి కోసం 1965లో వీటిని కనిపెట్టాడు. 1967 మార్చి 18న ఇక్కడి అంధుల పాఠశాలకి దగ్గర్లో ఉన్న కూడలిలో మొదటిసారి పరిచారు, మొత్తం 230 పలకలు. ఇప్పుడక్కడ గుర్తుగా ఒక రాయి ఉంది. టాక్సీలో వెళ్లాం. లారీలు పోతున్నాయి, ఫొటో తీసుకోవడానికి పెద్దగా ఏమీ లేని మామూలు కూడలి. అన్నయ్య రాయిని రెండు చేతులతో తడిమాడు, తర్వాత రోడ్డు వారగా మోకాళ్ల మీద కూర్చుని పలక మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నేనేమీ అడగలేదు.

చూపున్నవాళ్లకి ఈ పలకలన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఒక మాట చెప్పాలి. పొడుగు గీతలున్నది "ఇటే నడు" అని, గుండ్రని బొడిపెలున్నది "ఆగు, ముందు ఏదో ఉంది" అని. బొడిపె ఎత్తు 5 మిల్లీమీటర్లు. ఆ కాస్త ఎత్తు పాదానికి తెలియాలంటే చెప్పు అడుగు పల్చగా ఉండాలి. అన్నయ్య మందపాటి స్పోర్ట్స్ షూస్ వేసుకొచ్చి మొదటి రోజు ఏమీ తెలియట్లేదని గింజుకున్నాడు, పల్చటి గుడ్డ బూట్లు కొన్నాక తేడా తెలిసింది. పసుపు రంగు కూడా అలంకారం కాదు, తనలా కొద్దిగా చూపు మిగిలినవాళ్లకి నల్ల తారు పక్కన అదొక్కటే ఆనుతుంది. రైలు ప్లాట్‌ఫారం అంచున బొడిపెల పక్కన ఒక గీత అదనంగా ఉంటుంది, గీత ఉన్న వైపు లోపల, లేని వైపు పట్టాలు. ఎంత ఆలోచించి పెట్టారో చూడండి.

మా హోటల్ స్టేషన్ ఎదురుగా ఉన్న మొమొతారో వీధిలోనే. రెండో రోజు సాయంత్రం అన్నయ్య, "చిట్టీ, నేనొక్కణ్నే వెళతాను. నువ్వు వెనకాల ఇరవై అడుగుల దూరంలో రా. నేను పిలిస్తే తప్ప మాట్లాడకు" అన్నాడు. ఆరేళ్ల క్రితం మా వీధిలో మూత లేని డ్రైనేజీలో పడి మణికట్టు విరిగినప్పటి నుంచి తను ఒక్కడే రోడ్డెక్కింది లేదు. నాకు కాళ్లు వణికాయి, సరే అన్నాను. గీతల మీద కర్ర జరుగుతున్న చప్పుడు, బొడిపెలు తగలగానే ఆగడం, సిగ్నల్ కూత మొదలవగానే అడుగెయ్యడం. అటు రోడ్డుకి ఒక కూత, ఇటు రోడ్డుకి ఇంకో కూత ఉంటుంది కాబట్టి ఎటు దాటాలో తికమక లేదు. ఒకచోట పలకల మీద ఎవరో సైకిల్ పెట్టేశారు. నేను పరుగెత్తేలోపే ఒక పెద్దావిడ దాన్ని ఎత్తి పక్కన పెట్టేసి వెళ్లిపోయింది, అలా ఒకరు తీశారని కూడా అన్నయ్యకి తెలియదు. హోటల్ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "ఎన్ని రోడ్లు దాటానో చెప్పనా?" అని అడిగాడు. లెక్క సరిగ్గా చెప్పాడు.

అక్కడ లోపం లేదని కాదు. రాత్రయ్యాక చాలా చోట్ల ఇళ్లవాళ్ల నిద్ర పాడవుతుందని సిగ్నల్ కూత ఆపేస్తారు, చూపులేని మనిషికి అప్పుడే కదా ఎక్కువ అవసరం.

హోటళ్ల విషయం క్లుప్తంగా. టోక్యోలో గది చిన్నదైనా అన్నీ చేతికందే దూరంలో ఉండటం అన్నయ్యకి బాగా కలిసొచ్చింది. షాంపూ సీసా పక్కన గరుకు గీతలుంటాయి, కండిషనర్‌కి ఉండవు, 1991లో కావో కంపెనీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒకయామ హోటల్లో లిఫ్టు అంతస్తు పేరు చెబుతుంది, గది తలుపు మీద అంకె మాత్రం నున్నటి స్టిక్కర్. రిసెప్షన్ అమ్మాయి అడక్కుండానే తలుపు గొళ్లానికి రబ్బరు బ్యాండు చుట్టి ఇచ్చింది. పొద్దున్న బఫే మాత్రం మూడు చోట్లా ఇబ్బందే, ఒకరు తోడుండి వడ్డించాల్సిందే.

తిరిగొచ్చిన వారానికి మా ఊళ్లో కొత్తగా వేసిన ఒక ఫుట్‌పాత్‌కి అన్నయ్యని తీసుకెళ్లాను. పసుపు పలకలున్నాయి. నలభై అడుగులు బాగానే ఉండి నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ కంచెలోకి వెళ్లాయి. ఆగమని చెప్పే బొడిపెలు ఉండాల్సిన చోట గీతలే ఉన్నాయి, బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప గుంజ అన్నయ్య మోకాలికి తగిలింది. పలకలే లేకపోతే కనీసం జాగ్రత్తగా నడిచేవాడు, నమ్మి నడిచినందుకు దెబ్బ తగిలింది. నాకు ఏడుపొచ్చింది. డబ్బు ఖర్చుపెట్టారు, పలకలు తెచ్చారు, కానీ పరిచాక ఒక్క చూపులేని మనిషిని పిలిచి నడిపించి చూడలేదు.

రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పిచ్చింది. ఇలాంటి సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు చెయ్యాలని చెప్పింది. ఆ కేసు కోసం నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. మీ వీధిలో పలకలు వేస్తుంటే ఈ తీర్పు పేరు చెప్పి అడగండి, నేను మా వార్డు ఆఫీసులో ఫొటోలతో సహా అర్జీ ఇచ్చాను, వచ్చే సోమవారం మళ్లీ వెళుతున్నాను.

వెళ్లేవాళ్లకి ఇంకొక్క మాట. కర్ర చివర పెట్టే నైలాన్ కొన ఇంకొకటి పట్టుకెళ్లండి. అన్నయ్యది తొమ్మిదో రోజుకి అరిగిపోయింది. ఇక్కడ ఇన్నేళ్లలో కర్రలు విరిగి మార్చాం గానీ, కొన అరిగి మార్చడం ఇదే మొదటిసారి.