పొట్టి బోల్ట్ యాక్షన్ రైఫిల్: రూగర్, రెమింగ్టన్, సీజడ్‌లలో ఏది మేలు?

టెక్సస్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు వేటకు వెళ్ళడం ఇప్పుడు మరీ వింతేమీ కాదు. ఆఫీసులో ఎవరో వేట కోసం అద్దెకు తీసుకున్న తన లీజు భూమికి రమ్మంటాడు, నవంబరు చలిలో తెల్లవారకముందే బ్లైండ్‌లో, అంటే జంతువులకు కనబడకుండా దాక్కునే గదిలో, కూర్చోబెడతాడు. తిరిగొచ్చిన వారానికే మనవాడు తుపాకుల షాపులో ఉంటాడు. అక్కడ కౌంటర్ వెనకాయన 22 అంగుళాలో 24 అంగుళాలో బ్యారెల్ (తుపాకీ గొట్టం) ఉన్న పొడుగాటి రైఫిల్ తీసి చేతిలో పెడతాడు. అది మంచి రైఫిలే కావచ్చు. కానీ మన వేటలో ఎక్కువ భాగం నాలుగడుగుల వెడల్పున్న చెక్క గదిలోంచి, చిన్న కిటికీలోంచి, 200 గజాల లోపు జరిగేదే. అంత పొడుగు బ్యారెల్ అక్కడ కిటికీ అంచులకు తగలడానికి తప్ప పెద్దగా ఎందుకూ పనికిరాదు.

ఏ రైఫిల్ అనే ముందు వీసా సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్ళు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. గ్రీన్ కార్డు ఉంటే ఈ ఇబ్బంది లేదు. కాల్చడం సాధన చేసే రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే నియమం వర్తిస్తుంది, "నాది కాదు కదా" అంటే కుదరదు. టెక్సస్ లైసెన్స్ సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే, బీరువాలో ఉన్న రైఫిలే కేసవుతుంది. ఇంకో మెలిక ఉంది. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవిపందులను కొట్టడానికి 2019 నుంచి టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదు. అది చూసి వీసా మీద ఉన్నవాళ్ళు కూడా లైసెన్స్ మానేస్తే, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేయాలి. అదేమంత కష్టం కాదు, పైగా చేయదగ్గదే.

ఇండియాలో ఇదంతా కలలో మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ సరదా వేట అన్నదే లేదు. సీమలో వేరుశనగ చేను తొక్కేసిన పందిని చూస్తూ మంచె మీద డబ్బా కొట్టిన రైతు కొడుకుకు, ఇక్కడ మొక్కజొన్న రైతు "వచ్చి కొట్టిపెట్టండి బాబూ" అని పిలవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

సరే, పొట్టి రైఫిల్ అంటే ఏమిటి? అందరూ బ్యారెల్ చూస్తారు. నేను ముందు స్టాక్, అంటే భుజానికి ఆనించుకునే కర్ర లేదా ప్లాస్టిక్ భాగం, చూడమంటాను. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివరి దాకా ఉండే కొలతను లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. మామూలు అమెరికన్ రైఫిళ్ళలో ఇది 13 అంగుళాల ముప్పావు దాకా ఉంటుంది. ఐదడుగుల ఆరేడు అంగుళాల మనిషి, పైన మందపాటి జాకెట్ వేసుకుని దాన్ని భుజానికెత్తితే మెడ సాచాలి. గురి చూసే దుర్బీనులో, అంటే స్కోప్‌లో, బొమ్మ చుట్టూ నల్లటి నీడ వస్తుంది. ఆ నీడ పోగొట్టుకోవడానికి ముఖం ముందుకు పెడితే, పేలినప్పుడు స్కోప్ అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీస్తుంది. గురి సరిగ్గా లేదని తూటాలు మార్చేవాళ్ళు, స్కోప్ మార్చేవాళ్ళు ఉన్నారు. మార్చాల్సింది స్టాక్.

బ్యారెల్ పొట్టిదైతే తూటా వేగం తగ్గుతుంది, నిజమే. అంగుళానికి సెకనుకు పాతిక అడుగులు అనుకోండి. 22 నుంచి 18కి దిగితే వంద అడుగులు పోతాయి. 200 గజాల లోపు జింకకు ఆ తేడా తెలియదు. మనిషికి తెలిసే తేడా మోత. పొట్టి బ్యారెల్ చెవి దగ్గరే పేలుతుంది, చెక్క బ్లైండ్ లోపలైతే ఇంకా ఘోరం. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా పేల్చొద్దు. పొట్టిది బాగుందని బ్యారెల్ ఇంకా కోయించుకోవాలనుకునేవాళ్ళకు: ప్రత్యేక రిజిస్ట్రేషన్ లేకుండా 16 అంగుళాల కన్నా తక్కువ బ్యారెల్ గానీ, 26 అంగుళాల కన్నా తక్కువ మొత్తం పొడవు గానీ ఉంటే ఫెడరల్ నేరం.

ఇప్పుడు మూడు రైఫిళ్ళు. మూడూ బోల్ట్ యాక్షన్‌వే, అంటే ఒక్కో తూటా పేల్చాక బోల్ట్ అనే కడ్డీని పిడి పట్టుకుని చేత్తో వెనక్కి లాగి మళ్ళీ ముందుకు నెట్టాలి.

రూగర్ అమెరికన్ కంపాక్ట్ వీటిలో చవకైనది. 18 అంగుళాల బ్యారెల్, పన్నెండున్నర అంగుళాల పుల్, స్కోప్ లేకుండా దాదాపు 6 పౌండ్ల బరువు. అమెరికన్ వరుసను 2012లో తెచ్చారు, 2023 చివర్లో రెండో తరం వచ్చింది. బోల్ట్‌కు దాన్ని బిగించి ఉంచే మూడు లగ్గులు (పళ్ళు) ఉండటం వల్ల పిడిని 70 డిగ్రీలు ఎత్తితే చాలు, పైనున్న స్కోప్‌కు వేళ్ళు తగలవు. ట్రిగ్గర్‌ను కొన్నవాళ్ళే 3 నుంచి 5 పౌండ్ల మధ్య సర్దుకోవచ్చు. పొరపాటున పేలకుండా ఆపే మీట, సేఫ్టీ, బొటనవేలి కిందే ఉంటుంది, కుడిచేతివాటం వాళ్ళకైనా ఎడమచేతివాటం వాళ్ళకైనా అందుతుంది. లోపాలా? పాత తరం ప్లాస్టిక్ స్టాక్ చూడటానికి బొమ్మ తుపాకీలా ఉంటుంది, ముందు భాగం చేత్తో నొక్కితే వంగుతుంది. బోల్ట్ కొత్తలో గరగరమంటుంది. కానీ గురి విషయంలో మాత్రం తన ధరకు మించిన పని చేస్తుంది. అందం కావాలంటే ఇటు రావద్దు.

రెమింగ్టన్ మోడల్ సెవెన్ అందానికే పుట్టింది. 1983లో వచ్చింది. పేరున్న మోడల్ 700 యాక్షన్‌నే (బోల్ట్ ఉండే యంత్ర భాగాన్నే) ఇంకాస్త కుదించి, మొదట్లో పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్, వాల్‌నట్ కర్రతో చేశారు. తర్వాతి వాటిలో చాలావరకు 20 అంగుళాలవి. చేతిలోకి తీసుకోగానే బరువంతా రెండు అరచేతుల మధ్య కుదురుకుంటుంది, భుజానికెత్తేలోపే కన్ను స్కోప్‌లో ఉంటుంది. మూడింట్లోనూ నాకు మనసుపడ్డది ఇదే, అయినా మొదటి రైఫిల్‌గా కొనమని మాత్రం చెప్పను. కారణం కంపెనీ చరిత్ర. 1816లో మొదలైన రెమింగ్టన్ 2018లోనూ 2020లోనూ దివాలా తీసింది, ముక్కలై అమ్ముడుపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఊళ్ళో ఉన్న పాత ఫ్యాక్టరీని 2024లో మూసేశారు. అందుకని మీ చేతికొచ్చేది చాలావరకు సెకండ్ హ్యాండే అవుతుంది. ఒక పని తప్పకుండా చేయాలి. ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌తో 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్ళను, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని 2014లో కంపెనీ వెనక్కి పిలిచింది. ఆ మధ్య కాలం నాటిదైతే రిపేరు జరిగిందని కాగితం చూపించమనండి. చూపించకపోతే వదిలేయండి, ఎంత చవకగా ఇస్తానన్నా సరే.

చెక్ దేశంలోని ఊహెర్‌స్కీ బ్రాడ్‌లో తయారైన సీజడ్ 527 కార్బైన్ వేరే తీరు. ఇది నిజంగా బుల్లి రైఫిల్: మౌజర్ పద్ధతిలో పెద్ద కొక్కెం ఉన్న బోల్ట్, కానీ అంతా చిన్న తూటాకు తగ్గట్టు కుదించినది. పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్, స్కోప్ లేకున్నా గురి చూసుకునే ఇనుప సైట్లు, ఐదు తూటాల మ్యాగజైన్, దాదాపు 6 పౌండ్ల బరువు. ట్రిగ్గర్‌ను ముందుకు నెడితే సెట్ అవుతుంది, ఆ తర్వాత వేలు ఆనిస్తే చాలు పేలుతుంది. దాన్ని టార్గెట్ మీద వాడుకోండి, చలికి వేళ్ళు కొంకర్లు పోయే బ్లైండ్‌లో వద్దు. సేఫ్టీ అందరి అలవాటుకూ తిరగబడి ఉంటుంది: ముందుకు తోస్తే సేఫ్, వెనక్కి లాగితే పేలడానికి సిద్ధం. ఇంట్లో వేరే రైఫిల్ కూడా ఉంటే ఇదొక టెన్షన్. మ్యాగజైన్ సరిగ్గా చెయ్యి పట్టే చోటే కిందికి పొడుచుకొస్తుంది. ఇది ఎక్కువగా వచ్చింది 7.62x39 తూటాకు, అంటే ఏకే-47 తూటాకే. ఒకప్పుడు ఆ తూటా చవక, అందుకే ఈ రైఫిల్‌కు అంత గిరాకీ. 2021 సెప్టెంబరులో రష్యా తూటాల కొత్త దిగుమతి పర్మిట్లు ఆపేశాక ఆ చవక చాలావరకు పోయింది. కంపెనీ 527ను ఆపేసి 600 వరుస మొదలుపెట్టింది. దాంతో సెకండ్ హ్యాండ్ ధరలు కొత్తలో ఉన్నదాన్ని దాటేశాయి.

తూటా ఎంపిక నా దృష్టిలో రైఫిల్ ఎంపిక కన్నా ముఖ్యం. రూగర్, రెమింగ్టన్‌లలో మామూలుగా దొరికేవి .243, 7 ఎంఎం-08, .308. మూడూ ఒకే కుటుంబం. 1952 నాటి .308 తూటా గొట్టాన్నే మెడ దగ్గర సన్నం చేస్తే 1955లో .243 వచ్చింది, 1980లో రెమింగ్టన్ 7 ఎంఎం-08ను మార్కెట్‌లోకి తెచ్చింది. స్కోప్‌తో కలిపి 7 పౌండ్లున్న రైఫిల్‌కు లెక్క వేస్తే, భుజానికి తగిలే తన్ను .243తో దాదాపు 10 ఫుట్-పౌండ్లు, 7 ఎంఎం-08తో 15, .308తో 18. తేలిక రైఫిల్లో .308 పేలిస్తే మూడో తూటాకే ట్రిగ్గర్ ముట్టుకోకముందే కళ్ళు మూసుకుపోతాయి. అలా కళ్ళు మూసుకుని కొట్టిన జింక గాయంతో పొదల్లోకి పోతుంది, రాత్రంతా వెతకాలి. వేటలో అంతకన్నా చేదైనది లేదు. "మగాడివైతే .308 కొను" అనే సలహా ఇచ్చేవాళ్ళు ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని మీతో రారు.

పన్నెండేళ్ళ పిల్లకో, చిన్న ఆకారం ఉన్నవాళ్ళకో .243 సరిపోతుంది. టెక్సస్ వైట్‌టెయిల్ జింకకు ధారాళంగా చాలు. పెద్ద మగ పందికి మాత్రం, భుజం మీద గట్టి కవచంలాంటి చర్మం ఉంటుంది కాబట్టి, బాగా లోతుకు దిగే తూటా ఎంచుకోవాలి. మిగతా అందరికీ 7 ఎంఎం-08 అంటాను. పందుల కోసమే, అదీ మేత పోసే ఫీడర్ దగ్గర 100 గజాల లోపే అయితే సీజడ్ సరదాగా ఉంటుంది, తన్ను కూడా తక్కువే. 150 గజాలు దాటితే దాన్ని నమ్ముకోవద్దు.

బరువు గురించి ఒక మాట. తేలికదనానికి డబ్బు ఎక్కువ పోయడం టెక్సస్‌లో అనవసరం. ట్రక్కు దిగి బ్లైండ్ దాకా నడిచే దూరం ఎంతని? కొలరాడోలో కొండలెక్కి ఎల్క్ కోసం తిరిగేవాళ్ళ లెక్క వేరు. ఆరడుగులు దాటిన మనిషికి పన్నెండున్నర అంగుళాల స్టాక్ ఇరుకవుతుంది, బొటనవేలు ముక్కుకు తగులుతుంది. వాళ్ళు మామూలు స్టాక్ ఉన్న పొట్టి బ్యారెల్ రైఫిల్ చూసుకోవాలి.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టే తెలుగు మిత్రులు ఎవరడిగినా నా జవాబు రూగర్ కంపాక్ట్, 7 ఎంఎం-08. మిగిలిన డబ్బు స్కోప్ మీద పెట్టమంటాను. ఈ తూటాకు ఉన్న ఒకే ఒక్క చిక్కు, పల్లె షాపుల్లో .243, .308 ఎప్పుడూ ఉంటాయి, 7 ఎంఎం-08 ఒక్కోసారి దొరకదు. రైఫిల్ కొన్నప్పుడే ఒకే లాట్ నంబరున్న, అంటే ఒకే విడతలో తయారైన, పెట్టెలు నాలుగైదు తీసుకుని, సెప్టెంబరులో 100 గజాల దగ్గర వాటితోనే జీరో చేసుకుని (తూటా తగిలేచోటికి స్కోప్ సర్దుకుని), మిగతావి సీజన్‌కు దాచిపెట్టుకోండి.