ముక్కున్న షటిల్: ఆరు డిసెంబర్ల తర్వాత

ట్యాటింగ్ అంటే షటిల్ అనే చిన్న సాధనంతో దారాన్ని ముడులు వేస్తూ లేసు అల్లడం. ఆ షటిల్ కొనేవాళ్లు సాధారణంగా అది ఎంత సాఫీగా అల్లుతుందని అడుగుతారు. నేను అడిగేది వేరు: అల్లింది విప్పడానికి ఎంతవరకు పనికొస్తుంది? ఆరేళ్లుగా క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే మంచుపువ్వుల డిజైన్లు సొంతంగా కట్టుకుంటున్నాను. అల్లినదానిలో సగానికి పైగా విప్పేశాను కాబట్టి ఈ ప్రశ్న అడిగే హక్కు నాకుంది.

నా షటిల్ వేలెడంత ఉంటుంది. పడవలా వంగిన రెండు ప్లాస్టిక్ రేకులు, వాటి మధ్య దారం చుట్టుకునే గుంజ, ఒక కొసన సన్నగా పొడుచుకొచ్చిన ముక్కు. మగ్గం తెలిసినవాళ్లకు నాడె పిల్లలా కనిపిస్తుంది.

మాది నర్సాపురం దగ్గర ఊరు. ఇక్కడ లేసు అంటే కొక్కెం సూదితో అల్లే క్రోషే. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా తెచ్చుకుంది. అలాంటి ఇంట్లో నేను షటిల్ పట్టుకుంటే మా పెద్దమ్మకు వింతగానే ఉండింది. "సూదితో గంటలో అయ్యేదానికి పూటంతా కూర్చుంటావేమే?" అంది. మాట నిజమే. పైగా క్రోషేలో తప్పు పోతే దారం కొస పట్టుకుని లాగితే చాలు, వరసలకు వరసలు ఊడి వస్తాయి. ట్యాటింగ్‌లో అల్లికంతా ముడులే. రెండు అరముడులు కలిస్తే ఒక ముడి. ఆ ముడి చేతికి చుట్టుకున్న దారంతో పడాలి, షటిల్ దారం దాని లోపల తిన్నగా జారాలి. అలా పడకపోతే ముడి షటిల్ దారానికే బిగుసుకుంటుంది, ముడుల వరసను గుండ్రంగా లాగి మూయాల్సిన రింగు ఎంత లాగినా మూసుకోదు. మూసుకున్న రింగులో తప్పు కనిపిస్తే ఇంకా పెద్ద తలనొప్పి.

షటిల్ ముక్కు విలువ తెలిసేది అప్పుడే. రింగులో ముడులన్నీ భుజం భుజం ఆనించి కూర్చుంటాయి. పీకో ఉన్నచోట మాత్రం రెండు ముడులను కాస్త ఎడం జరపవచ్చు. (చీర అంచుకు వేయించే పీకో కాదు, ముడికీ ముడికీ మధ్య వదిలే దారపు ఉచ్చు.) ఆ ఎడంలో లోపలి దారం సన్నటి గీతలా కనిపిస్తుంది. దాని కింద ముక్కు దూర్చి వెంట్రుకవాసి పైకి లేపాలి. లేచిన ఆ కాస్త దారాన్ని ముడుల లోపలినుంచి రింగు మొదటివైపు జరుపుకుంటూ పోతే, బిగిసిన రింగు నోరు తెరుస్తుంది. గుండుసూదితో ప్రయత్నించినప్పుడు దారం చీలిపోయేది. మొద్దు ముక్కుతో చీలదు, మరీ మొద్దుదైతే దూరదు. నా షటిల్ ముక్కు ఆ రెండింటికీ మధ్య కుదిరింది.

బాబిన్ ఉండి కొసన కొక్కెం ఉండే రకం కూడా రెండేళ్లు వాడాను. పీకోలు కలపడానికి కొక్కెం హాయిగా ఉంటుంది, దారం చుట్టడం తేలిక. విప్పడానికి వచ్చేసరికి అదే కొక్కెం పోగుల్లో తగులుకుంటుంది. తప్పులు చేయనివాళ్లు అదే కొనుక్కోవచ్చు.

ఇక ఇన్ని విప్పుళ్లు ఎందుకంటే, మంచుపువ్వు లెక్క నాకు ఒక పట్టాన కుదరలేదు. నేను మంచు కురవడం చూడలేదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, జెరికో ఊళ్లో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885 జనవరిలో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఒక్క మంచు పలుకును ఫొటో తీశాడు. బతికినన్నాళ్లలో అలాంటివి ఐదు వేలకు పైగా తీశాడు. అవే నాకు నమూనాలు. దాదాపు అన్నిటిదీ ఆరు పక్కల లెక్కే. బజారులో మంచుపువ్వు పేరుతో అమ్మే ఎనిమిది రేకుల లేసు చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే.

నా మొదటి డిజైన్‌లో నడుమ ఆరు రింగులు, ఒక్కోటి ఐదు ముడులు, పీకో, మళ్లీ ఐదు ముడులు. పీకోలన్నీ మధ్యలో ఒకేచోట కలుస్తాయి. రింగు మొదళ్లు బయటికి ఉంటాయి, వాటిని కలుపుతూ చుట్టూ చైన్లు (రింగుగా మూయకుండా వదిలే ముడుల వరసలు). చైన్‌కు ఆరు ముడులు వేశాను. పువ్వు గిన్నెలా వంగింది. పది వేశాను, అప్పడంలా అలలు తిరిగింది. ఎనిమిది వేస్తే బల్ల మీద చదునుగా పడుకుంది. ఎందుకో అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది, తీరా చూస్తే స్కూలు లెక్కే. షడ్భుజిలో కేంద్రం నుంచి మూలకు ఎంత దూరమో, ఒక మూల నుంచి పక్క మూలకూ అంతే. మూసిన రింగు పొడవు ఐదు ముడులు, మధ్య పీకోకు ఇంకొకటి, మొత్తం ఆరు. అంటే ఆరు ముడుల చైన్ కర్రలా తిన్నగా నిలబడితేనే సరిపోతుంది. చైన్‌కు వంగడం సహజగుణం కాబట్టి ఆ వంపు కోసం ఇంకో రెండు. ఇప్పుడు కొత్త డిజైన్ ఏదైనా ముందు రింగు ఎత్తు లెక్కపెట్టి, దానికి మూడో వంతు కలిపి చైన్ మొదలుపెడతాను. నా చేతి బిగువుకు ఇది సరిపోతుంది, వదులుగా వేసేవాళ్లు ఒక ముడి తగ్గించుకోవాలేమో.

దారం నెంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. ఈ పువ్వే 20 నెంబరుతో తొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది, 40తో ఏడు, 80తో ఐదున్నర. డిజైన్ కుదిరేవరకు 20తోనే వేయండి, అది కూడా లేత రంగులో. నల్ల దారంలో ముడులు లెక్కపెట్టడం కళ్లకు శిక్ష. గట్టి పురి ఉన్న దారం పీకోను నిలబెడుతుంది గానీ, అల్లుతూ పోతే షటిల్ దారానికి మెలిక ఎక్కుతుంది. నాలుగైదు రింగులకోసారి షటిల్‌ను గాల్లో వేలాడదీస్తే అదే గిరగిరా తిరిగి మెలిక విప్పుకుంటుంది.

షటిల్ లోపాలూ ఉన్నాయి. కొత్తలో రేకుల కొసలు బిగుతుగా ఉండి, దారం వదిలినప్పుడల్లా టిక్కుమనేది. మూడో ఏటికి ఆ శబ్దం తగ్గింది. దారం ఎక్కువ చుట్టి కుక్కడం నా అలవాటు, దాంతో రేకులు ఎడమయ్యాయి. ఇప్పుడు షటిల్ చేతిలోంచి జారితే గది ఆ చివరిదాకా దారం పరుచుకుంటూ పోతుంది. కొసలకు రబ్బరు బ్యాండు వేసి దాచడం మొదలుపెట్టాక మరీ ముదరలేదు. ముక్కు మాత్రం అరగలేదు. తక్కువ ధర చూసి ఇంకోటి తెప్పిస్తే దాని ముక్కు మీద అచ్చు పోసిన గీత గరుకుగా ఉండి దారం నూగు లేపింది. గోళ్ల ఆకురాయితో రాస్తే కొంత నయమైంది.

అల్లడం అయ్యాక పువ్వును సూదులతో పరిచి గట్టిపరచాలి. కాగితం మీద అరవై డిగ్రీలకొక గీత చొప్పున ఆరు గీతలు గీసి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం వేసి, థర్మాకోల్‌కు బిగిస్తాను. పంచదార పాకం బాగుంటుందని ఎవరో చెబితే పెట్టాను, తెల్లారేసరికి చీమలు బారులు తీరాయి. నీళ్లు కలిపిన జిగురు గట్టిగా నిలుస్తుంది గానీ మెరుపు వస్తుంది, మళ్లీ ఉతకలేం. చివరికి సగ్గుబియ్యం గంజి దగ్గర ఆగాను. వానాకాలంలో మా తేమకు మెత్తబడుతుంది, డిసెంబరుకు ఇబ్బంది లేదు. మామూలు ఇనుప గుండుసూదులు వాడకండి. తడి గంజిలో రాత్రికి రాత్రే తుప్పు పట్టి పీకో పీకోకూ ఒక గోధుమరంగు చుక్క వదిలాయి, పద్నాలుగు పువ్వులు పోయాయి. పండగ అయ్యాక గంజి కడిగేసి దాచండి, లేకపోతే బొద్దింకలు వదలవు.

మా చర్చిలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. దాని సన్నటి రెమ్మల్లో పొడుగు పీకోలు చిక్కుకుని, దించేటప్పుడు లాగితే సాగిపోతున్నాయి. అందుకని ఈ ఏడు బయటి వరస పీకోలు సగానికి తగ్గించి, వేలాడదీసే కొసకు మాత్రం ఒకటి పొడుగ్గా ఉంచాను. పువ్వు ఐదో రేకు దాకా వచ్చాక చూస్తే రెండో రేకులో ఒక పీకో మరిచిపోయాను. షటిల్ ముక్కు ప్రస్తుతం ఆ రింగులోనే ఉంది.